‘అర్థమైందా?’ అంటే ‘అయింది సార్’ అనే క్లాసులో ఎంత నేర్చుకుంటున్నారు?

పీరియడ్ ఇంకో రెండు నిమిషాల్లో అయిపోతుందనగా లెక్చరర్ చాక్‌పీసు బల్ల మీద పెట్టి ‘అర్థమైందా?’ అంటారు. ముందు రెండు బెంచీల నుంచి ‘అయింది సార్’ అని వస్తుంది, వెనక బెంచీలు తలలూపుతాయి. ఎవరూ అబద్ధమాడటం లేదు. బోర్డు మీద డెరివేషన్ ఒక్కో మెట్టూ దిగి వస్తున్నప్పుడు నిజంగానే అంతా తెలిసిపోయినట్టు ఉంటుంది. మూడు వారాల తర్వాత మిడ్ పేపర్లో అదే సూత్రాన్ని కాస్త తిప్పి అడిగితే సగం సెక్షన్ అక్కడే ఆగిపోతుంది. దిద్దే లెక్చరరేమో ‘ఇది క్లాసులో చెప్పిందేగా’ అని తల పట్టుకుంటారు.

ఉన్నత విద్యలో బోధన మీద గత 40 ఏళ్లుగా జరిగిన పరిశోధనలో బాగా నిలబడిన భాగం ఈ సందు గురించే. అర్థమైనట్టు అనిపించడం వేరు, నేర్చుకోవడం వేరు. ఒక్కోసారి ఈ రెండూ ఎదురెదురు దిక్కుల్లో నడుస్తాయి కూడా. కాలేజీలు బోధనకు కొలబద్దగా వాడుతున్న స్టూడెంట్ ఫీడ్‌బ్యాక్ ఫారం మొదటిదాన్ని చక్కగానే కొలుస్తుంది. రెండోదాన్ని కూడా కొలుస్తోందని అనుకోవడం దగ్గరే చిక్కు.

లారీ, ఆటో, హార్వర్డ్

ఈ తేడా మొదట స్పష్టంగా బయటపడింది ఫిజిక్స్‌లో. అమెరికాలోని అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో డేవిడ్ హెస్టెనెస్, ఆయన సహచరులు 1980లలో మొదలుపెట్టిన పని 1992 నాటికి ‘ఫోర్స్ కాన్సెప్ట్ ఇన్వెంటరీ’ అనే పరీక్షగా తేలింది. ఇప్పుడు వాడుకలో ఉన్న పేపర్లో 30 బిట్లు ఉంటాయి. లెక్క కట్టనక్కర్లేదు, సూత్రం రాయనక్కర్లేదు, అంతా మామూలు భాషే. బరువైన బండి తేలికైన బండిని గుద్దితే దేని మీద ఎక్కువ బలం పడుతుంది అన్న తరహా ప్రశ్నలు. న్యూటన్ మూడో సూత్రాన్ని పొల్లుపోకుండా అప్పజెప్పే కుర్రాడు కూడా లారీ, ఆటో గుద్దుకున్నాయనేసరికి ‘ఆటో మీదే ఎక్కువ’ అంటాడు, నుజ్జయ్యేది ఆటో కదా. బలం రెండింటి మీదా సమానమే. ద్రవ్యరాశి తక్కువ కాబట్టి ఆటో వేగంలో మార్పు ఎక్కువ. ఇదంతా అతనికి వచ్చిన సూత్రాల్లోనే ఉంది. కాకపోతే ఆ సూత్రాలు అతని దృష్టిలో పరీక్ష కోసం, లారీ రోడ్డు మీద.

హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్‌కి ఫీడ్‌బ్యాక్ ఎప్పుడూ బాగానే వచ్చేది. తన విద్యార్థులకు ఈ పరీక్ష పెట్టినప్పుడు ఒకరు లేచి, మీరు నేర్పినట్టు రాయాలా, మామూలుగా మేం అనుకునేట్టు రాయాలా అని అడిగారట. ఫలితాలు చూశాక ఆయన తన పద్ధతి మార్చుకున్నారు: ఉపన్యాసం తగ్గించి, విద్యార్థులే ప్రశ్నల మీద వాదించుకునేట్టు.

ఈ పరీక్షతో బోధనను పోల్చడానికి వాడే లెక్క సులువైనది. సెమిస్టర్ మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి ఇదే పేపర్ పెడతారు. మొదట్లో సగటు 40 శాతం వచ్చిందనుకుందాం. ఇంకా నేర్చుకోవడానికి 60 మిగిలి ఉంది. చివర్లో 54 వస్తే, మిగిలిన 60లో 14 సంపాదించినట్టు, అంటే 0.23. 1998లో రిచర్డ్ హేక్ 62 కోర్సుల్లోని 6,542 మంది విద్యార్థుల ఫలితాలను ఇలా లెక్కగట్టారు. లెక్చరర్ చెప్పడం, విద్యార్థులు రాసుకోవడంగా నడిచిన 14 కోర్సుల్లో సగటు లాభం సరిగ్గా ఆ 0.23. విద్యార్థులు క్లాసులోనే ఆలోచించి, పక్కవాళ్లతో వాదించి, వెంటనే తప్పొప్పులు తెలుసుకున్న 48 కోర్సుల్లో 0.48. అంటే 40 దగ్గర మొదలైనవాళ్లు 69 దాకా వచ్చారు. మజూర్ క్లాసులో పాత పద్ధతిలో 0.25 ఉన్నది కొత్త పద్ధతి మొదటి ఏడాదిలో 0.49 అయింది, 1997 నాటికి 0.74కి చేరింది. 0.49 నుంచి 0.74కి రావడానికి ఆరేళ్లు పట్టిన సంగతి చాలామంది చదవకుండా దాటేస్తారు. ఆ ఆరేళ్లూ ఆయన ప్రశ్నలు మార్చుకుంటూ, క్లాసుకు ముందే చదివి రావాల్సిన పాఠాలను సరిచేసుకుంటూ వచ్చారు.

ఫిజిక్స్ ఒక్కదానితో తేల్చేయకూడదనుకుంటే 2014లో వాషింగ్టన్ యూనివర్సిటీకి చెందిన స్కాట్ ఫ్రీమన్ బృందం సైన్సు, ఇంజినీరింగ్, గణితాల్లో 225 అధ్యయనాలను కలిపి చూసిన లెక్క ఉంది. ఉపన్యాస పద్ధతిలో ఫెయిలైనవాళ్లు సగటున 33.8 శాతం, విద్యార్థులతో పని చేయించిన క్లాసుల్లో 21.8 శాతం. 60 మంది సెక్షన్ కొలతల్లో చెప్పుకుంటే 20 మంది బ్యాక్‌లాగ్ పడేచోట 13 మందికి తగ్గినట్టు. 50 మంది లోపు క్లాసుల్లో ఫలితం ఇంకా ఎక్కువ, పెద్ద క్లాసుల్లో కాస్త తక్కువ, కానీ ఉంది. 2020లో ఎలి థియోబాల్డ్ తదితరులు చేసిన విశ్లేషణ ఇంకో మెట్టు ముందుకెళ్లింది. వెనకబడిన వర్గాల విద్యార్థులకూ మిగతావాళ్లకూ ఉన్న అంతరం పరీక్ష మార్కుల్లో 33 శాతం, పాసయ్యే శాతాల్లో 45 శాతం తగ్గింది. అయితే క్లాసు సమయంలో ఎక్కువ భాగం విద్యార్థుల పనికే ఇచ్చిన చోట్లే ఇది కనిపించింది. గంటలో అయిదు నిమిషాలు చర్చ పెట్టి మిగతాది పాతలాగే నడిపిన చోట అంతరం కదల్లేదు.

బాగా చెప్పేవాళ్లు, ఎక్కువ నేర్పేవాళ్లు

కెనడాలోని బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీలో జరిగిన ప్రయోగం 2011లో అచ్చయింది. ఒక్కోదానిలో సుమారు 270 మంది ఉన్న రెండు ఫిజిక్స్ సెక్షన్లు. ఒకదానికి ఫీడ్‌బ్యాక్‌లో ఎప్పుడూ మంచి పేరున్న, అనుభవజ్ఞుడైన ప్రొఫెసర్. రెండోదానికి ఒక్క వారం పాటు అనుభవం అంతగా లేని ఒక పోస్ట్‌డాక్‌ను (పీహెచ్‌డీ అయ్యాక పరిశోధన చేస్తున్నవాళ్లను) పంపారు. కాకపోతే ఆ వారం క్లాసులన్నీ ప్రశ్నలు, చర్చ, తిరిగి ప్రశ్నలుగా నడిచేట్టు ముందే తయారుచేసుకున్నారు. సిలబస్ ఒకటే, సమయం ఒకటే. వారం తర్వాత పెట్టిన చిన్న పరీక్షలో ప్రొఫెసర్ సెక్షన్ సగటు 41 శాతం, పోస్ట్‌డాక్ సెక్షన్ సగటు 74. నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ ఈ అధ్యయనంలో భాగస్వామి కాబట్టి దీనికి పేరు ఎక్కువ వచ్చింది. ఒక్క వారం ప్రయోగమే కదా అన్న విమర్శా వచ్చింది, అదీ న్యాయమే.

అదే బృందంలోని లూయీ డెలోరియే తర్వాత హార్వర్డ్‌లో చేసిన పని మన చర్చకు ఇంకా దగ్గరిది. 2019లో వచ్చిన ఆ అధ్యయనంలో విద్యార్థులను లాటరీ పద్ధతిలో రెండుగా విడగొట్టారు. ఒక గుంపుకు చక్కటి ఉపన్యాసం, లెక్కలు లెక్చరరే చేసి చూపిస్తారు. రెండో గుంపుకు అవే లెక్కలు ఇచ్చి, చిన్న జట్లుగా కూర్చుని చేయమన్నారు; లెక్చరర్ తిరుగుతూ సాయం చేస్తారు, చివర్లో పరిష్కారం చెప్తారు. ఇద్దరి చేతిలోనూ ఒకే నోట్సు. తర్వాతి అంశానికి గుంపులు తారుమారు. పరీక్షలో ఎక్కువ వచ్చింది తామే లెక్కలు చేసినవాళ్లకు. ‘ఈ క్లాసులో చాలా నేర్చుకున్నాను’, ‘బాగా బోధించారు’ అన్న వాక్యాలకు ఎక్కువ మార్కులు వేసింది ఉపన్యాసం విన్నవాళ్లు.

ఎందుకిలా? సాఫీగా సాగే ఉపన్యాసంలో తడబాటు అంతా లెక్చరర్ ముందురోజు రాత్రే ఇంట్లో పడేసి వస్తారు. వినేవాళ్లకు అది నున్నటి రోడ్డు. తామే లెక్క చేసేటప్పుడు ప్రతి మెట్టు దగ్గరా బండి ఆగుతుంది. ఆగిన ప్రతిసారీ ‘నాకు రావడం లేదు’ అనిపిస్తుంది. ఆగి, తోసుకుని, దాటిన చోటే విషయం పట్టుబడుతుంది, కానీ ఆ క్షణానికి అది ఓటమిలాగే ఉంటుంది. జ్ఞాపకశక్తి మీద 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ చేసిన ప్రయోగంలోనూ ఇదే తీరు. ఒక పాఠాన్ని నాలుగుసార్లు చదివినవాళ్లు అయిదు నిమిషాల తర్వాత 83 శాతం చెప్పగలిగారు. ఒకసారి చదివి, మూడుసార్లు పుస్తకం మూసి గుర్తుచేసుకున్నవాళ్లు 71 శాతమే. వారం తర్వాత అడిగితే తిరగబడింది: చదివినవాళ్లకు 40, గుర్తుచేసుకున్నవాళ్లకు 61. మిడ్ ముందురోజు రాత్రి ఆల్ ఇన్ వన్ నాలుగుసార్లు తిరగేసిన విద్యార్థికి పొద్దున పరీక్ష బాగానే వెళ్లడానికీ, ఎక్స్‌టర్నల్స్ నాటికి ఏమీ మిగలకపోవడానికీ కారణం ఇక్కడే ఉంది.

ఫీడ్‌బ్యాక్ మార్కుల మీద గట్టి దెబ్బ మాత్రం అమెరికా ఎయిర్‌ఫోర్స్ అకాడమీ నుంచి వచ్చింది. అక్కడ ఏ విద్యార్థి ఏ సెక్షన్‌కు వెళ్లాలో లాటరీ తేలుస్తుంది. సిలబస్, పరీక్ష అందరికీ ఒకటే. కాలిక్యులస్ తర్వాత దాని మీద ఆధారపడే కోర్సులు అందరూ చదవాల్సిందే. పరిశోధకులకు ఇంతకంటే ఏం కావాలి? స్కాట్ కారెల్, జేమ్స్ వెస్ట్ 2000 నుంచి 2007 వరకు 10,000 మందికి పైగా విద్యార్థుల రికార్డులు తీసి చూశారు. అనుభవం తక్కువున్న లెక్చరర్ల సెక్షన్లకు మొదటి కోర్సులో మార్కులు ఎక్కువ, ఫీడ్‌బ్యాక్ కూడా ఎక్కువ. అనుభవం, పీహెచ్‌డీ ఉన్నవాళ్ల సెక్షన్లకు ఆ సెమిస్టర్లో మార్కులు తక్కువ, ఫీడ్‌బ్యాక్ తక్కువ, కానీ తర్వాతి కోర్సుల్లో వాళ్లే ముందున్నారు. 2010లో అచ్చయిన ఈ ఫలితాన్ని తెలుగు నేల మీద చదివితే వివరణ వెతుక్కోనక్కర్లేదు. ముందున్న పరీక్షకు సరిపడా ‘ఇంపార్టెంట్ క్వశ్చన్స్’ చెప్పేవాళ్లకు చప్పట్లు, పునాది వేసేవాళ్లకు సణుగుడు.

2017లో బాబ్ ఉట్ల్ బృందం అప్పటివరకూ వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూసి, ఫీడ్‌బ్యాక్ రేటింగ్‌కూ విద్యార్థుల అభ్యసనకూ చెప్పుకోదగ్గ సంబంధం లేదని తేల్చింది. 1981 నాటి విశ్లేషణలో కనిపించిన సంబంధం చాలావరకు చిన్న చిన్న అధ్యయనాల వల్ల వచ్చిందని చూపింది. అంత మాత్రాన ఫారం చించేయమని కాదు. లెక్చరర్ టైముకు వస్తున్నారా, వెనక బెంచీకి వినబడుతోందా, పేపర్లు దిద్ది ఇస్తున్నారా, అవమానకరంగా మాట్లాడుతున్నారా అన్నవి విద్యార్థులకు తెలిసినంత ఇంకెవరికీ తెలియవు. ‘సబ్జెక్ట్ నాలెడ్జ్: 1 నుంచి 5’ అన్న గడిని మొదటి సంవత్సరం విద్యార్థి ఏ ఆధారంతో నింపుతాడన్నదే అనుమానం.

రెండు బల్బులు

క్లాసులో పని చేయించడమంటే ఏమిటో ఒక ప్రశ్నతో చూస్తే తేలిగ్గా బోధపడుతుంది. బేసిక్ ఎలక్ట్రికల్ క్లాసు, సిరీస్ సర్క్యూట్లు అయిపోయాయి. బోర్డు మీద ఇది పెడతారు:

230 వోల్టుల సప్లైకి 60 వాట్ల ఫిలమెంట్ బల్బు, 100 వాట్ల ఫిలమెంట్ బల్బు సిరీస్‌లో కలిపారు. ఏది ఎక్కువ వెలుగుతుంది? (ఎ) 60 వాట్లది (బి) 100 వాట్లది (సి) రెండూ సమానంగా (డి) రెండూ తమ వాటేజీలో సరిగ్గా సగం వెలుగుతాయి.

జవాబు ‘ఎ’. రేటింగ్ తక్కువున్న బల్బుకే రెసిస్టెన్స్ ఎక్కువ: 60 వాట్లదానికి సుమారు 882 ఓములు, 100 వాట్లదానికి 529. సిరీస్‌లో కరెంటు ఒకటే కాబట్టి ఎక్కువ ఓములున్నచోట ఎక్కువ పవర్. రెసిస్టెన్స్ మారదనుకుని లెక్క కడితే 60 వాట్లదానిలో 23.4 వాట్లు, 100 వాట్లదానిలో 14.1. ఈ ప్రశ్న పనితనమంతా తప్పు జవాబుల్లో ఉంది. ‘బి’ అన్నవాళ్లు వాటేజీని బల్బుకు పుట్టుకతో వచ్చిన గుణం అనుకుంటున్నారు. ‘సి’ అన్నవాళ్లకు ‘సిరీస్‌లో కరెంటు సమానం’ అన్న ముక్క వచ్చు, పవర్ దగ్గరికి వెళ్లలేదు. ‘డి’ అన్నవాళ్లు రెండు బల్బులు కాబట్టి రెండుతో భాగించారు. ఒక్కో ఆప్షన్ ఒక్కో రోగం పేరు. ఏ గుంపు ఎంత పెద్దదో తెలిస్తే తర్వాతి అయిదు నిమిషాలు ఏం చెప్పాలో తెలిసిపోతుంది.

మజూర్ పద్ధతిలో దీన్ని నడిపే క్రమం ఇది. ముందు ఎవరికివాళ్లు నోరు విప్పకుండా ఒక నిమిషం, నిమిషంన్నర ఆలోచించి జవాబు కాగితం మీద రాసుకోవాలి. తర్వాత అందరూ ఒకేసారి చూపించాలి. క్లికర్లు (మీట నొక్కి ఓటేసే చిన్న పరికరాలు) లేకపోతే నాలుగు రంగుల చార్టు ముక్కలు చాలు. ఒక్కో విద్యార్థికి నాలుగు, పోస్టుకార్డు సగం సైజువి. తలపైకి ఎత్తనివ్వకూడదు, గుండెకు ఆనించి పట్టుకోవాలి, పక్కవాడికి కనబడకుండా. లెక్చరర్ సరైన రంగు ఒక్కటే బెంచీల వారీగా లెక్కపెడితే 60 మందికి అరనిమిషం పడుతుంది. 18 మంది కంటే తక్కువ సరిగ్గా చెప్తే (30 శాతం లోపు) చర్చకు సరుకు లేదు, అంశాన్ని ఇంకో దారిలో మళ్లీ చెప్పాలి. 42 దాటితే (70 శాతం పైన) రెండు వాక్యాల్లో వివరించి ముందుకెళ్లాలి. మధ్యలో ఉంటే జవాబు చెప్పకుండా, ‘మీకంటే వేరే రంగు చూపించినవాళ్లను పట్టుకుని ఒప్పించండి’ అని మూడు నిమిషాలు వదిలేయాలి. మళ్లీ ఓటు. ఆ తర్వాతే వివరణ. సరైన జవాబు ఎందుకు సరైనదో చెప్పడంతో ఆపకుండా ‘సి’ ఎందుకు కాదో కూడా చెప్పాలి. మొత్తం ఏడెనిమిది నిమిషాలు. 50 నిమిషాల పీరియడ్‌లో ఇలాంటివి రెండు హాయిగా పడతాయి, మూడు పెడితే పరుగు.

పక్కవాడి జవాబు కాపీ కొడుతున్నారు తప్ప నేర్చుకునేదేముంది అన్న సందేహం న్యాయమైనదే. 2009లో కొలరాడో యూనివర్సిటీలో మిషెల్ స్మిత్ బృందం దీన్నే పరీక్షించింది. చర్చ అయ్యాక, అదే సూత్రం మీద వేరే వేషంలో రెండో ప్రశ్న పెట్టి ఎవరికివాళ్లను రాయమన్నారు. మొదట్లో జట్టులో ఒక్కరికీ జవాబు తెలియని చోట్ల కూడా రెండో ప్రశ్నలో మెరుగుదల కనిపించింది. మన బల్బులకు అలాంటి జంట ప్రశ్న కావాలంటే 1,000 వాట్ల హీటరు, 2,000 వాట్ల హీటరు సిరీస్‌లో పెట్టి ఏది ఎక్కువ కాలుతుందని అడగొచ్చు. బల్బులే ప్యారలల్‌లో పెట్టి అడిగితే అది జంట ప్రశ్న కాదు, ఇంట్లో చూసిన అనుభవంతో చెప్పేస్తారు.

ఎక్కడ చెడుతుంది

అమెరికాలో టెస్సా ఆండ్రూస్ తదితరులు 2011లో చేసిన అధ్యయనం ఈ పద్ధతుల భక్తులకు అంతగా రుచించనిది. ఈ విషయంలో ప్రత్యేక శిక్షణ ఉన్నవాళ్లను కాకుండా దేశంలోని బయాలజీ లెక్చరర్లలో యాదృచ్ఛికంగా కొందరిని ఎంచుకుని చూస్తే, క్లాసులో చర్చలు, కార్యకలాపాలు ఎంత ఎక్కువ పెట్టారన్నదానికీ విద్యార్థులు ఎంత నేర్చుకున్నారన్నదానికీ సంబంధం కనబడలేదు. పద్ధతి పేరు ఒకటే అయినా లోపల జరిగేది వేరు.

చెడే చోట్లు మామూలుగా ఇవే. ఒంటరిగా ఆలోచించే మొదటి నిమిషాన్ని మింగేసి నేరుగా చర్చకు వదలడం ఒకటి. అప్పుడు బెంచీలో టాపర్ చెప్పిందే అందరి జవాబూ అవుతుంది, తన జవాబంటూ లేనివాడికి మార్చుకోవడానికేమీ ఉండదు. రెండోది ప్రశ్న సంగతి: ‘ఓమ్ సూత్రం ఏది?’ లాంటి నిర్వచనాల బిట్టు పెడితే 90 శాతం సరిగ్గా చెప్తారు, చర్చ సినిమాల మీదకు పోతుంది. పనికొచ్చే తప్పు ఆప్షన్లు లెక్చరర్ ఊహలో దొరకవు. నిరుటి మిడ్ పేపర్ల కట్ట విప్పి, ఎక్కువమంది చేసిన తప్పులు ఏరుకుంటే అవే ఆప్షన్లు. ఇంకోటి, మొదటి ఓటు చూడగానే లెక్చరర్ మొహం చెప్పేయడం. ‘ఊఁ... మళ్లీ ఆలోచించండి’ అన్న గొంతులోనే జవాబు తెలిసిపోతుంది.

మార్కుల దగ్గర చాలామంది బోల్తా పడతారు. సరైన జవాబుకు ఇంటర్నల్స్‌లో మార్కులని ప్రకటించిన రోజు నుంచి కార్డులన్నీ ఒకే రంగులో లేస్తాయి. ఏదైనా ఇవ్వాలనుకుంటే జవాబు తప్పయినా సరే, పాల్గొన్నందుకే ఇవ్వాలి, అదీ ఒకటి రెండు మార్కులకు మించకుండా.

భాష సంగతి మన దగ్గర ప్రత్యేకం. పాఠం ఇంగ్లిషులో నడిచినా ఆ మూడు నిమిషాల చర్చ తెలుగులో జరగనివ్వాలి. ‘కరెంటు రెండిట్లోనూ ఒకటేరా, రెసిస్టెన్స్ దేనికెక్కువో చూడు’ అన్న వాక్యంలో టెక్నికల్ పదాలు ఇంగ్లిషులోనే ఉంటాయి, వాదన మాత్రం తనది అవుతుంది. ఇంగ్లిషులోనే మాట్లాడాలని పట్టుబడితే తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు మూడు నిమిషాలూ మౌనవ్రతం పడతారు, నిజానికి ఈ పద్ధతి ఎక్కువ ఉపయోగపడాల్సింది వాళ్లకే. వివరణ సమయంలో లెక్చరర్ అదే వాదనను ఒకసారి ఇంగ్లిషులో పరీక్షలో రాసే తీరులో చెప్తే సరిపోతుంది.

సిలబస్ పూర్తి కాదేమోనన్న భయం అన్నిటికంటే పెద్దది. మూడు క్రెడిట్ల సబ్జెక్టుకు 16 వారాల్లో 48 పీరియడ్లు, అయిదు యూనిట్లు, మధ్యలో మిడ్లు, ఫెస్టులు, సెలవులు. పీరియడ్‌కు 15 నిమిషాలు ప్రశ్నలకు ఇస్తే ఎక్కడో కోత పడాలి. కోయాల్సింది బోర్డు మీద మాటా మాటా రాయించే సమయం. డెరివేషన్‌ను మధ్యలో మూడు నాలుగు మెట్లు ఖాళీలు వదిలిన ఒక పేజీ జిరాక్సుగా ఇస్తే, 20 నిమిషాలు పట్టేది పదిలో అవుతుంది. ఖాళీలు నింపేది విద్యార్థి. పూర్తిగా నింపిన జిరాక్సు ఇస్తే అది పుస్తకంలోకి వెళ్లి అక్కడే నిద్రపోతుంది.

మొదటి నెల ఫీడ్‌బ్యాక్ పడిపోతుందన్నది కూడా ముందే తెలిసి ఉండాలి. ‘సార్ చెప్పడం లేదు, మమ్మల్నే చెప్పమంటున్నారు’ అన్న ఫిర్యాదు హెచ్‌ఓడీ దాకా వెళ్తుంది. డెలోరియే బృందం హార్వర్డ్ ఫలితాలనే విద్యార్థులకు సెమిస్టర్ మొదట్లో చూపించి, తడబాటు ఎందుకు మంచిదో వివరిస్తే ధోరణి మారిందని గమనించింది. మొదటి వారంలోనే ఒక చిన్న పరీక్ష పెట్టి, అర్థమైందనుకున్నదానికీ వచ్చిన మార్కుకూ ఉన్న తేడాను వాళ్ల పేపర్లోనే చూపించడం ఇంకా బాగా పనిచేస్తుంది. సంగతి హెచ్‌ఓడీకి ముందే చెప్పి పెట్టుకోవడం కూడా మరవకూడదు.

క్లాసుకు రానివాళ్లు

ఇదంతా క్లాసులో కూర్చున్నవాళ్ల గురించి. హాజరుకూ మార్కులకూ గట్టి సంబంధం ఉందని 2010లో మార్కస్ క్రెడే తదితరులు చేసిన విశ్లేషణ చూపింది, సహసంబంధం 0.44 (1 అయితే పూర్తి సంబంధం ఉన్నట్టు), ఇలాంటి విషయాల్లో అది పెద్దదే. హాజరు తప్పనిసరి చేసే నిబంధనల వల్ల మార్కుల్లో వచ్చిన లాభం మాత్రం కొద్దిపాటిదే. 75 శాతం హాజరు, 65 దాటితే కండొనేషన్ ఫీజు అన్న నిబంధన విద్యార్థిని గదిలోకి తెస్తుంది. ఆ 50 నిమిషాలూ ఏం చేస్తాడన్నది వేరే సంగతి.

చదువు మధ్యలో వదిలేయకుండా నిలబెట్టడంలో బాగా రుజువైన కార్యక్రమం న్యూయార్క్ సిటీ యూనివర్సిటీ 2007లో మొదలుపెట్టిన ‘ఏశాప్’. ఆర్థికంగా వెనకబడిన కమ్యూనిటీ కాలేజీ విద్యార్థులకు మిగిలిన ఫీజు మాఫీ, పుస్తకాలు, మెట్రో పాసు, ఫుల్‌టైమ్ చదువు నిబంధన, వీటితోపాటు తరచూ కలిసే సలహాదారు. లాటరీ పద్ధతిలో పోల్చిన అధ్యయనంలో మూడేళ్లలో డిగ్రీ పూర్తిచేసినవాళ్లు ఈ కార్యక్రమంలో 40 శాతం, బయట 22 శాతం. ఒక్కో విద్యార్థి మీద మూడేళ్లలో సుమారు 16,300 డాలర్లు అదనంగా ఖర్చయినా, పూర్తయిన డిగ్రీల లెక్కన చూస్తే ఒక్కో డిగ్రీ ఖర్చు తగ్గింది. తర్వాత ఒహాయోలోని కాలేజీల్లో పెట్టినప్పుడూ 35 శాతం, 19 శాతంగా తేడా నిలబడింది. న్యూయార్క్ ఏశాప్‌లో ఒక్కో సలహాదారుకు 60 నుంచి 80 మంది విద్యార్థులు; మామూలు సలహాదారుకు 600 నుంచి 1,500. మన కాలేజీల్లో మెంటార్‌కు 20 మందే అని ఫైల్లో ఉంటుంది. తేడా అల్లా, ఏశాప్ సలహాదారుకు అదే ఉద్యోగం. ఇక్కడి మెంటార్‌కు వారానికి 16 పీరియడ్ల మధ్య రిజిస్టర్లో సంతకాలు పెట్టించే పని.

ఎగ్జామ్ బ్రాంచ్‌లోనే ఉన్న లెక్క

ఎన్‌బీఏ (నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రిడిటేషన్) గుర్తింపు కోసం కోర్సు అవుట్‌కమ్‌ల అటైన్‌మెంట్ లెక్కలు, అంటే కోర్సులో నేర్చుకోవాల్సింది ఎంతమందికి వచ్చిందన్న లెక్కలు, ప్రతి డిపార్ట్‌మెంట్ వేస్తోంది. నిర్ణయించుకున్న మార్కుల గీతను 60 శాతం మంది దాటితే లెవల్ 1, 70 శాతమైతే 2, 80 శాతమైతే 3 అన్నట్టుగా. గీత ఎక్కడ గీయాలో డిపార్ట్‌మెంటే నిర్ణయిస్తుంది, మిడ్ పేపర్ సెట్ చేసేది పాఠం చెప్పినవాళ్లే, దిద్దేదీ వాళ్లే. అటైన్‌మెంట్ 2.8 వచ్చిందంటే అందులో నేర్చుకున్నది ఎంతో, గీత కిందికి దిగింది ఎంతో విడదీయలేం.

ఎయిర్‌ఫోర్స్ అకాడమీ లెక్కను చిన్నపాటిగా ఇక్కడే చేయొచ్చు. మొదటి సెమిస్టర్లో గణితం ఎం-1 మూడు సెక్షన్లకు ముగ్గురు చెప్పారు. రెండో సెమిస్టర్లో ఎం-2 ఎక్స్‌టర్నల్ మార్కులను, ఎం-1 ఎవరి దగ్గర చదివారన్న దాన్నిబట్టి విడగొట్టి సగటు చూడటమే పని. ఎక్సెల్ షీటులో అరగంట. కొన్ని జాగ్రత్తలు తప్పవు. ఎం-2కి సెక్షన్లను కలగలిపి మళ్లీ పంచకపోతే, ఎం-2 చెప్పినవాళ్ల ప్రభావమూ ఇందులో కలిసిపోతుంది. రోల్ నంబర్లు కౌన్సెలింగ్ ర్యాంకును బట్టో కోటాను బట్టో వచ్చి, సెక్షన్లు ఆ వరుసలోనే విడిపోతే, తేడా లెక్చరర్లది కాదు, ర్యాంకులది. 1, 4, 7 ఎ-సెక్షన్. 2, 5, 8 బి. 3, 6, 9 సి అని పంచితే ఈ చిక్కు చాలావరకు పోతుంది, దీనికి పైసా ఖర్చు లేదు.

చిన్న తేడాలను నమ్మకూడదు. మార్కుల ప్రామాణిక విచలనం (మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయన్న కొలత) 15 ఉందనుకుంటే 60 మంది సెక్షన్ సగటు దానంతటదే అటూ ఇటూ రెండు మార్కులు ఊగుతుంది. రెండు సెక్షన్ల మధ్య అయిదారు మార్కుల లోపు తేడా ఒక్క ఏడాదిలో ఏమీ చెప్పదు. మూడేళ్ల బ్యాచ్‌లు కలిపి చూసినప్పుడు ఒకే పేరు పక్కన అదే దిక్కులో తేడా కనిపిస్తే, అప్పుడు ఆ లెక్చరర్ క్లాసులో ఎవరైనా కూర్చుని, రెండేసి నిమిషాలకోసారి విద్యార్థులు ఏం చేస్తున్నారో (వింటున్నారా, రాసుకుంటున్నారా, లెక్క చేస్తున్నారా, మాట్లాడుకుంటున్నారా) గళ్ల కాగితం మీద టిక్కులు పెట్టుకోవడానికి కారణం దొరికినట్టు. వీమన్, స్మిత్ తదితరులు 2013లో తయారుచేసిన ‘కోపస్’ అనే పరిశీలన పత్రం పనిచేసేదీ ఇలాగే. బాగుంది, బాగాలేదు అన్న గడి అందులో లేదు.

ఆ ఎక్సెల్ షీటు డిపార్ట్‌మెంట్ స్టాఫ్ రూమ్ దాటి ఇంక్రిమెంట్ల ఫైల్లోకి వెళ్లకుండా చూసుకోవాలి. వెళ్లిందంటే ఆ మరుసటి సెమిస్టర్ నుంచే ఎం-1 క్లాసుల్లో ఎం-2 ‘ఇంపార్టెంట్లు’ చెప్పడం మొదలవుతుంది.